పెన్‌డ్రైవ్ తెరుచుకుంటోంది, సేవ్ మాత్రం కావడం లేదు: 777 కొట్టే ముందు చూడాల్సినవి

తమ్ముడూ, నీ సమస్య నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు నా మాటల్లో చెప్తాను. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నీకు జెరాక్స్, డీటీపీ షాపు ఉంది. రెండు పాత సిస్టమ్‌లలో లైనక్స్ మింట్ వేసుకున్నావు. కస్టమర్ పెన్‌డ్రైవ్ పెడితే ఫైళ్లు కనిపిస్తున్నాయి, ప్రింట్లు వస్తున్నాయి. టైప్ చేసిన ఫైల్ మళ్లీ అందులో సేవ్ చేద్దామంటే కుదరడం లేదు. ఫోల్డర్ మీద తాళం గుర్తు, ప్రాపర్టీస్‌లో ఓనర్ రూట్ (సిస్టమ్ మీద సర్వాధికారాలున్న యూజర్) అని ఉంది. ఎవరో సీహెచ్‌మాడ్ 777 (అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే కమాండ్) కొట్టమంటే కొట్టావు, ఎర్రర్ రాలేదు, మార్పూ రాలేదు. బ్యాకప్ కోసం కొని, టెర్మినల్‌లో ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌తో (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఫార్మాట్ చేసిన 1 టీబీ హార్డ్‌డిస్క్‌దీ ఇదే తంతు. పెన్‌డ్రైవ్‌లు వాటంతటవే రావాలని ఒక వీడియో చూసి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డ్రైవ్‌ని ఎలా తెరవాలో రాసి ఉండే సిస్టమ్ ఫైల్) ఒక లైను కలిపానని చివర్లో రాశావు. నీ పెన్‌డ్రైవ్‌ల సంగతి ఆ చివరి మాటలోనే ఉంది.

నేను శ్రీకాకుళంలో ఉంటాను. పదిహేనేళ్లుగా కాలేజీ ల్యాబుల్లో, షాపుల్లో లైనక్స్ సిస్టమ్‌లు చూస్తున్నాను. ఈ తాళం గుర్తు లెక్కలేనన్ని సార్లు చూశాను. చాలామంది చేసే పొరపాటు ఒకటే. సేవ్ కాకపోతే అన్నిటికీ ఒకే జబ్బు అనుకుంటారు, అన్నిటికీ 777 మాత్ర వేస్తారు. నిజానికి ఇవి రెండు వేరువేరు జబ్బులు. 'పర్మిషన్ డినైడ్' అని వస్తే నీకు హక్కు లేదని అర్థం. 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' అని వస్తే ఎవరికీ హక్కు లేదని అర్థం, రూట్‌కి కూడా. మొదటిది ఓనర్‌కి సంబంధించిన గొడవ. రెండోది ఆ డ్రైవ్ ఆరోగ్యానికో, దాన్ని మౌంట్ చేసిన (సిస్టమ్‌కి కలిపి తెరిచిన) తీరుకో సంబంధించింది. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

(కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టు.)

కాబట్టి ముందు ఆ ఎర్రర్ ఏమిటో కళ్లారా చూడు. ఫైల్ మేనేజర్ దాన్ని పూర్తిగా చూపించదు. పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఇన్ టెర్మినల్' నొక్కు. అక్కడ టచ్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఏదో ఒక పేరు ఇవ్వు. ఖాళీ ఫైల్ తయారైతే సరే. లేకపోతే పైన చెప్పిన రెండు మాటల్లో ఏదో ఒకటి వస్తుంది. ఆ తర్వాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ కొట్టు. ఏ డ్రైవ్‌లో ఏ ఫైల్ సిస్టమ్ ఉందో వరసగా చూపిస్తుంది: వీఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4. ఈ రెండు సంగతులు తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది గుడ్డిగా ఇచ్చినదే.

ఇప్పుడు నీ పెన్‌డ్రైవ్‌ల సంగతి. కస్టమర్లు తెచ్చేవాటిలో చాలావరకు ఫ్యాట్32 ఉంటుంది, అదే లైనక్స్‌లో వీఫ్యాట్ అని కనిపిస్తుంది. ఫ్యాట్ అనే పద్ధతి డాస్ కాలం నాటిది. ఫలానా ఫైల్ ఫలానా వాళ్లదని రాసుకునే చోటు అందులో అసలు లేదు. హక్కుల విషయంలో 'ఇది రీడ్ ఓన్లీ' అన్న ఒక చిన్న గుర్తు తప్ప ఇంకేమీ ఉండదు. మరి లైనక్స్‌కి ప్రతి ఫైల్‌కీ ఓనర్ ఉండి తీరాలి. అందుకని మౌంట్ చేసే క్షణంలో ఒక పేరు అనుకుని, డ్రైవ్‌లో ఉన్న అన్నిటికీ అదే పేరు తగిలిస్తుంది. ఆ పేరు డ్రైవ్‌లోకి ఎక్కదు, తీసేసే దాకా మాత్రమే ఉంటుంది. అందుకే ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్ కమాండ్ కొడితే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటుంది. సీహెచ్‌మాడ్ 777 కొడితే మాత్రం ఏమీ అనదు, ఊరికే వదిలేస్తుంది. రాసుకోవడానికి చోటు లేని మాటను కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) పక్కన పెట్టేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఆ పాత అలవాటును ఇప్పటికీ అలాగే ఉంచారు. నీకు ఎర్రర్ రాకపోవడానికీ, మార్పు రాకపోవడానికీ కారణం ఇదే.

మౌంట్ ఎవరు చేశారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మామూలుగా పెన్‌డ్రైవ్ పెట్టగానే మింట్ ఫైల్ మేనేజర్ యూడిస్క్స్ అనే సర్వీస్‌ని అడుగుతుంది. అది రూట్ హక్కులతో పనిచేసేదే, కానీ అడిగింది నువ్వని చూసి, మౌంట్ చేసేటప్పుడు నీ యూఐడీనే (యూజర్ నంబరు) ఇస్తుంది. డ్రైవ్ స్లాష్ మీడియా కింద నీ యూజర్ పేరున్న ఫోల్డర్‌లోకి వస్తుంది. ఫెడోరా లాంటి వాటిలో అయితే స్లాష్ రన్ స్లాష్ మీడియా కిందకి వస్తుంది. ఆ దారిలో వచ్చిన ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌కి ఓనర్ నువ్వే అవుతావు, రూట్ అవ్వడానికి వీల్లేదు. నీకు రూట్ అని కనిపిస్తోందంటే వేరే ఎవరో రూట్ హక్కులతో మౌంట్ చేశారన్నమాట. ఆ ఎవరో నీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైనే.

ఆ వీడియోలో చెప్పిన లైను స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ1 అని మొదలై, డిఫాల్ట్స్ అని ముగిసి ఉంటుంది. ఎస్‌డీబీ1 అనేది ఒక పెన్‌డ్రైవ్ పేరు కాదు తమ్ముడూ, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ పేరు. పొద్దున పెళ్లి కార్డు కోసం వచ్చినాయన డ్రైవ్ ఎస్‌డీబీ1, మధ్యాహ్నం ప్రాజెక్టు రిపోర్టు తెచ్చిన పిల్లవాడిదీ ఎస్‌డీబీ1. ఎవరు వచ్చి కూర్చున్నా యూడిస్క్స్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ లైను చూసి, దాని మాటే పాటిస్తుంది. యూఐడీ చెప్పని లైనుతో రూట్ మౌంట్ చేస్తే ఓనర్ రూట్ అవుతుంది, మిగతావాళ్లు చదవగలరు గానీ రాయలేరు.

సుడోతో (రూట్ హక్కులతో నడిపే కమాండ్) ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరిచి, నువ్వు కలిపిన ఆ ఒక్క లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టు. తుడిచేయకు, హ్యాష్ ఉంటే ఆ లైనుని సిస్టమ్ పట్టించుకోదు. సిస్టమ్ ఆన్ అవడానికి కావలసిన రూట్ పార్టిషన్, ఈఎఫ్‌ఐ లైన్ల జోలికి పోవద్దు. సేవ్ చేసి సిస్టమ్ రీస్టార్ట్ చేయి, పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టు. తాళం గుర్తు పోవాలి. కస్టమర్ డ్రైవ్‌ల కోసం ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎప్పుడూ ఏమీ రాయొద్దు. రోజుకి నలభై డ్రైవ్‌లు మారే చోట ఆ పని యూడిస్క్స్‌కి వదిలేయడమే మేలు.

ఇంకో లాభం కూడా ఉంది, డీటీపీ వాళ్లకి ఇది ముఖ్యం. కస్టమర్లు ఫైళ్లకి 'శుభలేఖ', 'గృహప్రవేశం' అని తెలుగులో పేర్లు పెడతారు కదా. యూడిస్క్స్ ఫ్యాట్ డ్రైవ్‌ని యూటీఎఫ్8 ఆప్షన్‌తో మౌంట్ చేస్తుంది కాబట్టి ఆ పేర్లు చక్కగా కనిపిస్తాయి. చేత్తో మౌంట్ చేసి ఆ ఆప్షన్ మరిచిపోతే కొన్ని సిస్టమ్‌లలో తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలు అవుతాయి. ఆమదాలవలసలో ఒక షాపులో ఇలాగే వరసగా ప్రశ్నార్థకాలు చూసి, వైరస్ వచ్చిందనుకుని కస్టమర్ డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేశారు. ఫైళ్లన్నీ బాగానే ఉన్నాయి, పేర్లు చదవడమే రాలేదు. ఆ కస్టమర్ పోగొట్టుకున్నది కూతురి పెళ్లి ఫొటోలు. అందుకే పరాయివాళ్ల డ్రైవ్ ముట్టుకునే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోమని అందరికీ చెప్తుంటాను.

ఇక నీ హార్డ్‌డిస్క్. దీని కథ పూర్తిగా తిరగబడుతుంది. ఈఎక్స్‌టీ4 లైనక్స్ సొంత ఫైల్ సిస్టమ్. ప్రతి ఫైల్‌కీ ఓనర్ నంబరు, గ్రూపు నంబరు, హక్కులు డిస్క్ మీదే రాసి ఉంటాయి. మౌంట్ ఎవరు చేసినా అవే లెక్క. నువ్వు టెర్మినల్‌లో సుడోతో ఫార్మాట్ చేశావు కాబట్టి ఆ డిస్క్ మొదటి ఫోల్డర్ రూట్ పేరు మీద పుట్టింది. అందులో నీకు రాసే హక్కు లేదు. ఇక్కడ సీహెచ్‌ఓన్ నిజంగా పనిచేస్తుంది, పైగా ఒక్కసారి చేస్తే చాలు, డిస్క్ మీద ఉండిపోతుంది. డిస్క్ మౌంట్ అయి ఉండగా సుడో సీహెచ్‌ఓన్ అని కొట్టి, నీ యూజర్ పేరు, కోలన్, మళ్లీ నీ పేరు, ఆ తర్వాత స్లాష్ మీడియా కింద ఆ డిస్క్ ఫోల్డర్ పూర్తి దారి ఇవ్వు. డిస్క్ కొత్తది, లోపల ఏమీ లేదు కాబట్టి లోపలి వాటన్నిటికీ వర్తింపజేసే హైఫన్ పెద్ద ఆర్ అక్కర్లేదు.

ఆ పెద్ద ఆర్‌తో జాగ్రత్త. 777తో కలిపి కొట్టినప్పుడు దారిలో స్లాష్ తర్వాత పొరపాటున ఒక్క ఖాళీ పడినా, ఆ కమాండ్ మొత్తం సిస్టమ్ మీద పరిగెడుతుంది. అలా పాడైన సిస్టమ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే తప్ప బాగుచేయడం నేను చూడలేదు. ఖాళీ పడకపోయినా 777 మంచిది కాదు. బిల్లుల ఫైళ్లు, ఫొటోలు అన్నీ రన్ అయ్యే ప్రోగ్రాముల్లా మారిపోతాయి, ఆ సిస్టమ్‌లోకి ఎవరు లాగిన్ అయినా తుడిచేయగలరు. షాపు లెక్కలు ఉండే డిస్క్ కదా.

ఈఎక్స్‌టీ4 డిస్క్ ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి మారినప్పుడు వచ్చే తిరకాసు ఒకటి ఉంది. డిస్క్ మీద రాసి ఉండేది పేరు కాదు, నంబరు. మింట్, ఉబుంటు, డెబియన్‌లలో మొదటి యూజర్ నంబరు 1000. పాత సెంటోస్ 6లో అది 500 నుంచి మొదలయ్యేది. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి లెక్కల డిస్క్ కొత్త సిస్టమ్‌కి తగిలిస్తే ఒక్క ఫైలూ మార్చనివ్వలేదు. ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొడితే ఓనర్ ఉండాల్సిన చోట పేరు లేదు, ఉత్త 500 అని ఉంది. ఆ నంబరు గల మనిషి కొత్త సిస్టమ్‌లో లేడు. ఫైండ్ కమాండ్‌కి హైఫన్ యూఐడీ 500 అని చెప్పి, దొరికిన వాటిని మాత్రమే కొత్త నంబరుకి సీహెచ్‌ఓన్ చేశాను, మిగతావి కదిలించలేదు. పేరు బదులు నంబరు కనిపించిందంటే ఆ డిస్క్ వేరే ఊరి నుంచి వచ్చినట్టు లెక్క.

ఈ బ్యాకప్ డిస్క్ మాత్రం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కాబట్టి దానికి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లైను వేసుకోవచ్చు. ఎస్‌డీబీ1 అని కాకుండా బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే యూయూఐడీతో (ఆ డిస్క్‌కి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) రాయి. ఆప్షన్లలో డిఫాల్ట్స్ తర్వాత నోఫెయిల్ తప్పనిసరిగా ఉండాలి. అది లేకుండా ఒకరోజు డిస్క్ తగిలించడం మరిచిపోతే సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల తెర చూపిస్తుంది. పొద్దున్నే కస్టమర్లు నిలబడి ఉండగా ఆ తెర చూస్తే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇంకొకటి, ఈఎక్స్‌టీ4 లైనులో యూఐడీ ఈక్వల్ 1000 అని రాయకూడదు. అది ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లకి మాత్రమే చెల్లుతుంది. ఈఎక్స్‌టీ4కి రాస్తే మౌంట్ అవ్వదు సరికదా, 'బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్' అంటూ పెద్ద వాక్యం వస్తుంది. అందులో సూపర్‌బ్లాక్ అన్న మాట చూసి డిస్క్ పోయిందని బెంబేలెత్తిపోతారు. తప్పు ఆ ఒక్క ఆప్షన్‌దే.

ఇప్పుడు రెండో జబ్బు, రీడ్ ఓన్లీ. నీకు ఈ రోజు లేకపోయినా నీ షాపుకి తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు ముందు సుడో డీఎంఈఎస్‌జీ కొట్టి చివరి ఇరవై లైన్లు చదువు. కెర్నల్ అక్కడ కారణం రాసిపెడుతుంది.

'రైట్ ప్రొటెక్ట్ ఈజ్ ఆన్' అని ఉంటే అడ్డుపడింది హార్డ్‌వేరే, సాఫ్ట్‌వేర్ కాదు. పోయిన సంవత్సరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం మర్నాడు, బుధవారం, ఒక ఫొటోగ్రాఫర్ మిత్రుడు ఎస్‌డీ కార్డు పట్టుకొచ్చాడు. కార్డు ఎడమ అంచున తెల్లటి చిన్న మీట ఉంటుంది, గోరంత కూడా ఉండదు. అది కిందికి జరిగితే లాక్. ఆయన కార్డులో అది పైకే ఉంది గానీ వదులైపోయింది. రీడర్‌లోకి తోసేటప్పుడు గాడి అంచు తగిలి ప్రతిసారీ కిందికి దిగిపోతోంది. బయటికి తీసి చూస్తే కింద ఉంది, పైకి జరిపి పెడితే మళ్లీ అదే. ఆ మీట ఉత్త ప్లాస్టిక్ ముక్క, కార్డు లోపలి చిప్‌తో దానికి సంబంధం లేదు, రీడర్‌లో ఉన్న చిన్న స్విచ్ దాన్ని తడిమి చూస్తుంది. మీటను పైకి జరిపి, దాని మీద సన్నటి సెల్లోటేప్ ముక్క అంటించి లోపలికి తోశాం. రాయడం మొదలైంది. మైక్రో ఎస్‌డీ అడాప్టర్లలో ఈ మీట వదులవడం ఇంకా ఎక్కువ.

'ఫైల్ సిస్టమ్ హ్యాజ్ బీన్ సెట్ రీడ్ ఓన్లీ' అని ఫ్యాట్ పేరుతో లైను ఉంటే, లోపల లెక్క తప్పిందని కెర్నల్ గమనించి, ఇంకా పాడవకుండా తనే రాత ఆపేసింది. చాలాసార్లు ఎజెక్ట్ చేయకుండా లాగేయడం వల్ల ఇలా అవుతుంది. ఇక్కడ మౌంట్ హైఫన్ ఓ రీమౌంట్, ఆర్‌డబ్ల్యూ అని బలవంతంగా తెరిచే సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకు. ముందు చదవగలిగినదంతా హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకో. తర్వాత అన్‌మౌంట్ చేసి, ఫ్యాట్ డ్రైవ్‌లో తప్పులు వెతికే ఎఫ్‌ఎస్‌సీకే డాట్ ఫ్యాట్‌ని మొదట హైఫన్ ఎన్‌తో నడుపు. అది చూస్తుంది తప్ప ఏమీ మార్చదు. తప్పులు చిన్నవైతే, కస్టమర్‌కి చెప్పి, హైఫన్ ఏతో బాగుచేయి. దిక్కులేని ముక్కలు ఎఫ్‌ఎస్‌సీకే0000 అనే పేరుతో మొదలయ్యే ఆర్‌ఈసీ ఫైళ్లుగా మిగులుతాయి, వాటిని కంగారుపడి తుడిచేయొద్దు. బాగుచేశాక కూడా రెండోసారి రీడ్ ఓన్లీ అయితే ఆ డ్రైవ్ చివరి దశలో ఉంది. కొత్తది కొనుక్కోమని చెప్పేయి.

ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) డ్రైవ్ అయితే ఎక్కువసార్లు కారణం అవతలి విండోస్ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ సమయంలో తగిలించి ఉన్న డ్రైవ్ లెక్కలు కూడా సగంలోనే ఉండిపోతాయి. అలాంటి డ్రైవ్‌ని లైనక్స్ రీడ్ ఓన్లీగా తెరవడమో, అసలు తెరవకపోవడమో చేస్తుంది, అది సరైన పనే. కస్టమర్‌ని వాళ్ల విండోస్‌లోనే డ్రైవ్ తగిలించి, రీస్టార్ట్ చేసి, సేఫ్‌గా ఎజెక్ట్ చేసి తెమ్మను. రీస్టార్ట్‌కి ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ ఉంది గానీ అది పూర్తి చెక్‌డిస్క్ కాదు, పైపై పొరపాట్లు సర్ది, మిగతాది విండోస్ చూసుకోవాలని గుర్తు పెడుతుంది. నీ సొంత డ్రైవ్‌కి వాడుకో, పరాయివాళ్లదానికి వద్దు.

ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఐఎస్‌ఓ9660 అని కనిపిస్తే అది నువ్వు మింట్ ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవే అయ్యుంటుంది. సీడీ లాంటి ఫైల్ సిస్టమ్ అది, రాయడం దాని స్వభావంలోనే లేదు. మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే.

టెర్మినల్‌లో టచ్ పనిచేసి, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మాత్రమే సేవ్ కాకపోతే డ్రైవ్‌ని అనుమానించొద్దు. ఆ సాఫ్ట్‌వేర్ ఫ్లాట్‌ప్యాక్ (సాఫ్ట్‌వేర్‌ని విడి పెట్టెలో ఉంచి నడిపే పద్ధతి) రూపంలో వేశావేమో చూడు, దానికి స్లాష్ మీడియా చూసే అనుమతి ఉండకపోవచ్చు. ఫ్లాట్‌సీల్ అనే చిన్న టూల్‌తో ఆ అనుమతి ఇవ్వొచ్చు. ఉబుంటులో అలాంటిదే అయిన స్నాప్ రూపంలో ఉంటే స్నాప్ కనెక్ట్‌తో రిమూవబుల్ మీడియా అనుమతి కలపాలి.

పెళ్లి వీడియోలు కాపీ చేసేటప్పుడు 'ఫైల్ టూ లార్జ్' అని వస్తే అది పర్మిషన్ గొడవ కాదు. ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. విండోస్‌కీ లైనక్స్‌కీ మధ్య తిరిగే డ్రైవ్ అయితే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోవడం మేలు. 2020లో వచ్చిన కెర్నల్ 5.7 నుంచి దాని డ్రైవర్ సరైన రూపంలో కెర్నల్‌లోనే ఉంది. నువ్వు మింట్ 21 గానీ 22 గానీ వాడుతుంటే వేరేగా ఏమీ వేయక్కర్లేదు.

షాపులో నీకొక లాగిన్, కుర్రాడికి ఇంకో లాగిన్ ఉంటే మాత్రం ఒక మాట. నీ లాగిన్‌లో తెరుచుకున్న డ్రైవ్ నీ పేరున్న ఫోల్డర్‌లో ఉంటుంది, అందులోకి కుర్రాడి లాగిన్ అడుగు కూడా పెట్టలేదు. యూజర్ మార్చే ముందు ఎజెక్ట్ చేసి, అటువైపు వెళ్లాక మళ్లీ పెట్టండి. యూడెవ్ రూల్ (డ్రైవ్ తగిలించగానే ఏం చేయాలో చెప్పే నియమం) రాసి అందరికీ కలిపి మౌంట్ అయ్యేలా చేయొచ్చు గానీ, అప్పుడు కూడా ఓనర్ మొదట తెరిచినవాడే అవుతాడు. రెండోవాడు చదవగలడు, రాయలేడు. కౌంటర్ సిస్టమ్‌కి ఒకే లాగిన్ పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ముందు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైనుకి హ్యాష్ పెట్టు, తర్వాత హార్డ్‌డిస్క్ సీహెచ్‌ఓన్ చేయి. టచ్‌తో ఒక ఫైల్ పెట్టి చూసుకుని, ఎజెక్ట్ చేసి, రెండో సిస్టమ్‌కి తగిలించు. అక్కడ ఐడీ అని కొడితే యూఐడీ 1000 వస్తే ఇక ఏమీ చేయక్కర్లేదు. వేరే నంబరు వస్తే ఆ నంబరూ, డీఎంఈఎస్‌జీ చివరి ఇరవై లైన్లూ నాకు పెట్టు, చూసి చెప్తాను.